వాచిన ముఖం, తెల్లబడిన నోరు: పెరటికోడి వైద్యచరిత్ర

పెరటికోడి ముఖం వాచి, నోట్లో తెల్లటి పొర కట్టినప్పుడు ఏ మందు వేయాలన్నది చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది. కానీ పైకి ఒకటే జబ్బుగా తోచే ఆ లక్షణాల వెనక అనేక వ్యాధులున్నాయని తేల్చడానికి శాస్త్రజ్ఞులకు సుమారు అరవై ఏళ్ళు పట్టింది. ఆ తెలివిడి ప్రయోగశాలలో పుట్టి కోళ్ళఫారానికి చేరింది కానీ, పెరటికి పూర్తిగా చేరలేదు. కువైత్‌లోని వఫ్రా, అబ్దలీ మజ్రాల్లో, కబ్ద్ జాఖూర్లలో, ఇళ్ళ వెనక కోళ్ళగూళ్ళ దగ్గర పనిచేసేవారిలో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువారూ ఉన్నారు. ఈ చరిత్రలోని లోటు వారి అనుభవంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పక్షుల గురించిన పాత గ్రంథాలు తక్కువేమీ కావు. వరాహమిహిరుని బృహత్సంహితలో కుక్కుటలక్షణానికి ఒక అధ్యాయం ఉంది. తెలుగులో కుక్కుటశాస్త్రం పందెంకోడి రంగును, నక్షత్రాన్ని, జయాపజయాలను లెక్కగట్టింది. అబ్బాసీల కాలపు అరబ్బీ వేటగ్రంథాల్లో, ముఖ్యంగా అల్ గిత్రీఫ్ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథంలో, డేగల వ్యాధులూ చికిత్సలూ విపులంగా ఉన్నాయి. అయితే అక్కడా ఇక్కడా పుస్తకానికెక్కింది పందెపు పక్షి, వేటపక్షి. గుడ్లు పెట్టే పెట్ట కాదు. పెట్ట నోరు తెరిచి చూసి పసుపూ వేపనూనే రాసిన చేతులు ఇంటి ఆడవాళ్ళవి, పాలేర్లవి. ఆ చేతులు నేర్చింది గ్రంథస్థం కాలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికా రైతులు ముఖం వాపు, ముక్కు కారడం, నోటిపొర అన్నింటినీ కలిపి 'రూప్' అన్నారు. నోటిపొర పిల్లల గొంతులో వచ్చే డిఫ్తీరియాను పోలి ఉండటంతో కోడి నుంచి బిడ్డకు అంటుతుందేమోనన్న భయమూ కలిగింది. ఈ ముడి ఒక్కొక్క పోగుగా విడింది. 1873లో బోలింగర్ కోడి మశూచి పుండ్ల కణాల్లో ప్రత్యేకమైన చేర్పులను వర్ణించాడు. 1902లో మార్క్స్, స్టికర్ ఆ వ్యాధికారకం బాక్టీరియాను ఆపే వడపోత గుండా కూడా దాటిపోతుందని చూపారు. చర్మం మీద పొక్కులుగానూ, నోట్లో పొరగానూ కనిపించేది ఒకే వైరస్ అని క్రమంగా స్థిరపడింది. 1931లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వుడ్రఫ్, గుడ్‌పాశ్చర్ ఈ వైరస్‌నే పొదిగే గుడ్డు పొరమీద పెంచారు. మనుషుల టీకాలను గుడ్లలో తయారుచేసే పద్ధతికి పునాది వేసినవాటిలో కోడి నోటిజబ్బు ఒకటి కావడం ఈ కథలోని విశేషం.

మిగిలిన పోగులూ దాదాపు ఆ కాలంలోనే తేలాయి. 1920లలో కాలిఫోర్నియాలో జె. ఆర్. బీచ్, ఎ విటమిన్ లోపం వల్ల కూడా నోట్లో, అన్నవాహికలో తెల్లటి పొక్కులు వస్తాయని చూపాడు. 1930ల ఆరంభంలో నెదర్లాండ్స్‌లో డి బ్లీక్ అంటుజలుబుకు, అంటే కొరైజాకు, కారణమైన బాక్టీరియాను వేరుచేశాడు. పావురాల నోటిని పాడుచేసే ట్రైకోమొనాస్‌ను ఇటలీలో రివోల్టా 1878లోనే వర్ణించాడు. ఆ పావురాన్ని తిన్న డేగకూ, దానితో ఒకే తొట్టిలో నీళ్ళు తాగిన కోడికీ అది సోకగలదు.

ఈ విభజన పండితుల పట్టింపు కాదు, చికిత్సంతా దానిమీదే ఆధారపడింది. ముఖం మెత్తగా వాచి, ముక్కు దుర్వాసనతో కారుతూ, రెండుమూడు రోజుల్లో మందంతా పాకితే కొరైజాను అనుమానించాలి. దానికి 1940లలో సల్ఫా మందులు, తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చాయి. అవి వాపును తగ్గిస్తాయి కానీ, కోలుకున్న కోడి వ్యాధిని మోస్తూనే ఉంటుంది. గీకితే నెత్తురు కారే పొర మశూచిది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. దోమల అదుపు, రెక్కపొరలో వేసే టీకా, ఊపిరికి అడ్డుపడే పొరను మాత్రమే మెల్లగా తీయడం ఇక్కడి మార్గం. నెత్తురు రాకుండా సులువుగా ఊడే పొక్కులైతే లోపం దాణాలో వెతకాలి. నిల్వదాణాలోని ఎ విటమిన్ వేడికి క్షీణిస్తుంది. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైన దేశంలో, పచ్చిమేత అరుదైన ఎడారిలో, ఇది మరచిపోరాని కారణం.

తెలుగునేలకు ఈ జ్ఞానం ప్రభుత్వ సంస్థల ద్వారా వచ్చింది. మన పల్లెల్లో కొక్కెర తెగులు అనే వ్యాధికి 1927లో అది కనిపించిన కుమావూఁ పట్టణం పేరిట రాణీఖేత్ అన్న పేరు స్థిరపడింది. 1932లో మద్రాసు రాష్ట్రానికి రాణీపేటలో సీరం సంస్థ ఏర్పడింది. 1971లో బి. వి. రావు వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించాక కోళ్ళ పెంపకం పరిశ్రమగా ఎదిగింది. వేల కోళ్ళున్నచోట టీకా, శవపరీక్ష, పశువైద్యుడు లెక్కకు కిట్టుబాటయ్యాయి. పది కోళ్ళున్న పెరట్లో కిట్టుబాటు కాలేదు. అక్కడ నేటికీ ఎవరో చెప్పిన పొడిని నీళ్ళలో కలపడమే వైద్యం.

ఆ అంచనా ఎంత ప్రమాదమో కువైత్‌లో తెలిసింది. 2005 నవంబరులో అక్కడ ఒక రాజహంసలో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది, గల్ఫ్ ప్రాంతంలో అదే మొదటిది. 2007 ఫిబ్రవరి చివర కోళ్ళలోనూ బయటపడింది. ముఖం వాపు, కళ్ళచుట్టూ ఉబ్బు, తురాయి నీలమవడం బర్డ్ ఫ్లూ లక్షణాలు కూడా. కొరైజా అనుకుని కోడిని ఒడిలో పెట్టుకుని నోరు తుడిచే మనిషికి ఆ తేడా కంటితో తెలియదు. ఆ మనిషి చాలాసార్లు ఇంటి యజమాని కాడు, పనివాడో పనిమనిషో. కోడి తనది కాదు. డాక్టరును పిలిచే అధికారమూ తనది కాదు. ప్రమాదం మాత్రం తనదే.

కాబట్టి ఈ చరిత్ర నేర్పే క్రమం మందుతో మొదలవదు. ఒక్క కోడికే జబ్బు చేస్తే దాన్ని వేరుచేసి, నీళ్ళతొట్టి మార్చి, నోరూ దాణా పరీక్షించాలి. ఒకటి రెండు రోజుల్లో పలు కోళ్ళు చనిపోతే వాటిని ముట్టకుండా అధికారులకు తెలపాలి. కువైత్‌లో అది వ్యవసాయ, మత్స్యవనరుల ప్రభుత్వ సంస్థ. ఆ కబురు చేయవలసింది యజమాని. చేతితొడుగులు, ముఖానికి ముసుగు ఇవ్వవలసిందీ అతడే. పెట్ట నోరు ఇన్నాళ్ళకు పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని తెరిచి చూసే చేతుల రక్షణ కూడా ఆ పుస్తకంలో భాగమైనప్పుడే ఈ వైద్యం పెరటిదాకా వచ్చిందనగలం.