క్యారవాన్‌కు కరెంటు.. ఎర్త్ లేకుంటే ప్రమాదమే
టైర్లు రబ్బరువని ధీమా తగదు

అమలాపురం: క్యారవాన్ అంటే ఒకప్పుడు సినీ తారలదే. కోనసీమ పల్లెల్లో షూటింగు జరిగితే కొబ్బరితోట పక్కన ఆ పెద్ద బండి ఆగి ఉండటం, జనమంతా దాని తలుపు వైపే చూస్తూ నిలబడటం పరిపాటి. ఇప్పుడు విహారయాత్రలకు కుటుంబాలకూ ఇవి అద్దెకు దొరుకుతున్నాయి. మంచాలు, ఏసీ, గీజరు, ఫ్రిజ్.. చూడటానికి ఇల్లే. అయితే ఇల్లు నేలపై ఉంటుంది, బండి టైర్లపై ఉంటుంది. విద్యుత్తు విషయంలో ఈ తేడాయే ప్రాణాల మీదకు తెస్తుంది.

ఇంటి సాకెట్టులోని ఎర్త్ వైరు పెరట్లో పాతిన కడ్డీకి చేరుతుంది. బండికి అటువంటి కడ్డీ ఉండదు. బయటి నుంచి కరెంటు తెచ్చే కేబులులోని మూడో వైరే దానికి ఆధారం. అది తెగినా లోపల దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఏసీ పనిచేస్తూనే ఉంటుంది. లోపం ఎవరికీ తెలియదు. ఎక్కడో ఫేజు వైరు తొడుగు అరిగి రేకుకు తగిలిన నాడు బండి బాడీ అంతటికీ 230 వోల్టులు పాకుతాయి. టైర్ల వల్ల ఆ కరెంటు నేలలోకి దిగలేదు. లోపలున్న వారికి ఏమీ అనిపించకపోవచ్చు. తడి నేలపై నిలబడి తలుపు పిడి పట్టుకున్న వ్యక్తి గుండా మాత్రం అది నేలకు దిగుతుంది.

అగ్గిపుల్లల ప్లగ్గు

రైసుమిల్లు నుంచో, పక్కింటి నుంచో వైరు లాగి, ప్లగ్గు లేకుండానే రెండు తీగలను సాకెట్టులో గుచ్చి అగ్గిపుల్లలతో బిగించడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. పెళ్లి పందిరికే అది తప్పు, క్యారవాన్‌కు మరీ తప్పు. ఎర్త్ రాదు సరికదా, ఫేజు, న్యూట్రల్ తారుమారైతే స్విచ్ ఆపినా పరికరంలో కరెంటు ఉంటుంది. రెండు చివర్లా పిన్నులున్న వైరు మరింత ప్రాణాంతకం. ఒక చివర ఊడితే ఆ పిన్నులు చేతికి తగిలేలా కరెంటుతో బయటే ఉంటాయి. పిన్నులు బండికే బిగించి ఉండాలి, కేబులు చివర రంధ్రాలుండాలి.

సాకెట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. మల్టీమీటరుతో ఫేజుకు, ఎర్త్‌కు మధ్య సుమారు 230 వోల్టులు చూపాలి. చూపకపోతే బండిని అక్కడ కలపరాదు. చూపినా ఎర్త్ బలంగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ పరీక్షించాల్సిందే.

బండిలో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. లీకేజీ ఆ స్థాయికి చేరితే 0.3 సెకన్ల లోపే అది కరెంటును నిలిపివేస్తుంది. అది ఉంది కదా అని ఎర్త్‌ను విస్మరించరాదు. ఎర్త్ ఉంటే ఫేజు రేకుకు తగిలిన వెంటనే ఆర్‌సీసీబీ పడిపోతుంది. లేకుంటే ఎవరో ఒకరు షాకు తిన్న తర్వాతే పడుతుంది.

కుదుపులతో వదులు

గతుకుల రోడ్లపై కుదుపులకు సాకెట్టు వెనుక స్క్రూలు వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది. ప్లగ్గు రంగు మారినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపాలి. ఏసీ, గీజరు, మైక్రోవేవ్ ఒకేసారి వేస్తే 5,000 వాట్లు, అంటే దాదాపు 22 యాంపియర్లు లాగవచ్చు. ఇళ్లలోని పెద్ద సాకెట్టు సామర్థ్యం 16 యాంపియర్లే. కేబులును చుట్టగా వదిలేసినా వేడెక్కి పైపొర కరుగుతుంది, పూర్తిగా విప్పి పరచాలి.

జనరేటరుతో మరో చిక్కు ఉంది. దాని న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపకపోతే లీకైన కరెంటుకు తిరిగివచ్చే దారి ఉండదు, ఆర్‌సీసీబీ పడదు. లైను కరెంటు, జనరేటరు కలవకుండా చేంజోవర్ స్విచ్ కూడా ఉండాలి. లేకుంటే సరఫరా ఆగిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు జనరేటరు కరెంటు ఎదురవుతుంది.

ఎవరికైనా షాకు తగిలితే బండిని గానీ, ఆ వ్యక్తిని గానీ ముట్టుకోరాదు. ముందుగా కరెంటు వస్తున్న చోటికి వెళ్లి మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే బాధితుణ్ని పక్కకు తీసి 108కు ఫోన్ చేయాలి.