కారు చక్రములు – వాటి కోణముల కథ

రథోత్సవము చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తిన్నని వీధిలో రథము బాగానే సాగుతుంది. వీధి మలుపు రాగానే కష్టము మొదలవుతుంది. చక్రాల క్రింద కొయ్యదిమ్మలు పెట్టి, మోకులను ఒక ప్రక్కకు లాగి, కొంచెము కొంచెముగా దానిని తిప్పవలెను. అదే మలుపులో ఎద్దుబండి సునాయాసముగా తిరిగిపోతుంది. బండికి ఇరుసు ఒక్కటే. ఒక చక్రము ఎక్కువ దూరము, రెండవది తక్కువ దూరము దొర్లితే సరిపోతుంది. రథానికి ముందొక ఇరుసు, వెనుక ఒక ఇరుసు ఉన్నవి. ఆ రెండూ కదలని సమాంతర రేఖలు. అందువల్ల మలుపులో చక్రాలు దొర్లుటకు బదులు నేలను రాచుకొనుచు ప్రక్కకు జరుగవలసి వస్తుంది.

నాలుగు చక్రాల వాహనము నేలను రాచుకొనకుండా తిరుగుట ఎట్లు? మోటారు కారు పుట్టుటకు ఎంతో పూర్వమే ఈ ప్రశ్న పుట్టినది. నేడు మెకానిక్కులు ‘అలైన్‌మెంటు’ అని పిలిచే పని దానికి లభించిన జవాబులలో నుండి వచ్చినదే.

మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారు

ఐరోపాలోని గుర్రపు బగ్గీలలో ముందు ఇరుసు మొత్తము నడుమనున్న ఒక్క మేకుపై తిరిగేది. బాగా తిప్పినప్పుడు ముందు చక్రాలు బగ్గీ క్రిందికి పోయి, దానికి ఆధారము ఇరుకై, బోల్తాపడే ప్రమాదము ఉండేది. ఈ చిక్కును గుర్తించినవారిలో ఎరాస్మస్ డార్విన్ ఒకడు. ఈయన పరిణామవాదియైన చార్లెస్ డార్విన్‌కు తాత. తన బగ్గీకై ఈయన 18వ శతాబ్దపు మధ్యభాగములోనే ఒక కొత్త ఏర్పాటును ఊహించినాడు.

ఆ ఏర్పాటును లోకానికి తెచ్చిన ఘనత మ్యూనిక్‌లో బండ్లు చేయించే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్‌ది. ఇరుసు నిలకడగా ఉండవలెను. దాని రెండు కొనలలోను చక్రాలు వేర్వేరు మేకులపై తిరుగవలెను. ఇదే ఆయన ఉపాయము. దీనికి 1818లో లండనులో పేటెంటు తీసుకొన్నది మాత్రము ఆయన ప్రతినిధి రుడాల్ఫ్ ఆకర్మన్. ఆకర్మన్ వృత్తిచేత బొమ్మల, పుస్తకాల ప్రచురణకర్త. అయినను నేటికిని ఆ అమరిక ఆయన పేరుతోనే చలామణి అవుతున్నది.

ఈ అమరికలోని కిటుకు ఏమిటి? మలుపులో లోపలి చక్రము చిన్న వలయముపైన, వెలుపలి చక్రము పెద్ద వలయముపైన నడుస్తవి. కావున రెండింటిని ఒకే కోణములో త్రిప్పుట తప్పు. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరము 2.5 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరము 1.4 మీటర్లు ఉన్న కారు 8 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగుతున్నదనుకొందాము. లెక్క కడితే లోపలి చక్రము దాదాపు 19 డిగ్రీలు, వెలుపలి చక్రము 16 డిగ్రీలు తిరుగవలెనని తేలుతుంది. పారిస్‌కు చెందిన బండ్ల తయారీదారు షార్ల్ ఝాంతో దీనికి 1878లో ఒక సులభమైన రేఖాచిత్రము చూపినాడు. చక్రాలను త్రిప్పే చేతులను పొడిగించి గీసిన రేఖలు వెనుక ఇరుసు నడుమ కలుసుకొన్నచో పని దాదాపు సరిపోతుంది.

కార్ల్ బెంజ్ తన తొలి కారుకు 1886లో పేటెంటు పొందినప్పుడు దానికి మూడే చక్రాలు ఉండుటకు ఈ చిక్కే ఒక కారణము. నాలుగు చక్రాలకు తగిన స్టీరింగుకు ఆయన 1893లో పేటెంటు తీసుకొన్నాడు.

తనంతట తాను తిన్ననగు చక్రము

త్రిప్పుట ఒక ఎత్తు; త్రిప్పిన తరువాత చక్రము తిరిగి తిన్నగా నిలుచుట మరొక ఎత్తు. ఆసుపత్రిలో రోగిని తోసుకొనిపోయే బండి చక్రాలను గమనించండి. చక్రము తిరిగే మేకు ముందు, చక్రము నేలను తాకే చోటు కొంచెము వెనుక ఉంటవి. అందుచేత బండిని ఎటు తోస్తే చక్రము అటే సర్దుకొంటుంది. ఫ్రెంచి ఇంజనీరు ఆర్థర్ క్రెబ్స్ 1896 నాటి పేటెంటులో ఈ సూత్రమునే కారుకు అన్వయించినాడు. మేకును పైభాగమున కొంచెము వెనుకకు వాల్చుటయే మెకానిక్కుల భాషలో ‘కాస్టర్’. మలుపు దాటి చేయి సడలించగానే స్టీరింగు తిరిగి మధ్యకు వచ్చుటకు ఇదే ముఖ్య కారణము.

ఇక ‘కాంబర్’. ఎదుట నిలిచి చూచినప్పుడు చక్రము నిలువుగా గాక ప్రక్కకు వాలి ఉండుటయే ఇది. తొలినాటి కార్ల ముందు చక్రాలు పైభాగమున వెలుపలికి వాలి ఉండేవి. దీనివల్ల చక్రము నేలను తాకే చోటు మేకు రేఖకు దగ్గరవుతుంది. స్టీరింగు తేలికవుతుంది, గోతులలో కుదుపు తగ్గుతుంది.

కాని ఒక సౌకర్యము మరొక చిక్కును తెచ్చినది. ఒక గ్లాసును నేలపై దొర్లించి చూడండి. అది తిన్నగా పోక గుండ్రముగా తిరుగుతుంది. వాలిన చక్రము కూడ అట్లే వెలుపలికి పోజూస్తుంది. దానికి విరుగుడుగా రెండు చక్రాల ముందు అంచులను కొద్దిగా దగ్గరకు చేర్చినారు. దీని పేరు ‘టో-ఇన్’. ఈ కొలత చిన్నదే కాని దాని ఫలము చిన్నది కాదు. 600 మిల్లీమీటర్ల వ్యాసముగల టైర్లను ముందు అంచున 3 మిల్లీమీటర్లు దగ్గర చేస్తే, ప్రతి కిలోమీటరుకు ఒక్కొక్క టైరు దాదాపు రెండున్నర మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లే. వేల కిలోమీటర్ల ప్రయాణములో రబ్బరు ఎట్లు అరుగునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

టైరు చెప్పిన పాఠము

1920లలో ముందు చక్రాలకు బ్రేకులు, తక్కువ గాలితో నడిచే లావుపాటి టైర్లు వచ్చినవి. వాటితోపాటు కొత్త జబ్బు ఒకటి ముదిరినది: కొంత వేగమందుకోగానే ముందు చక్రాలు అటు ఇటు గడగడ వణికేవి. దీనిని పరిశోధించిన ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూలియే 1925లో ఒక ముఖ్య విషయము వెల్లడించినాడు. రబ్బరు టైరు బిగుసుకొన్న ఇనుప పట్టా వంటిది కాదు. ప్రక్కనుండి బలము తగిలినప్పుడు అది తాను చూచే దిక్కునకు గాక, కొద్ది కోణము తేడాతో మరొక దిక్కునకు సాగుతుంది. 1930లలో అమెరికాలో మారిస్ ఓలీ మొదలైనవారు ఈ భావముతోనే కారు నడవడిని వివరించినారు.

దీనితో పాత లెక్క మారినది. ఆకర్మన్ అమరిక మెల్లగా తిరిగే బండికి సరియైనది. వేగముగా మలుపు తీసుకొనే కారులో మాత్రము రేఖాగణితము ఒక్కటే చాలదు. టైరు ఎంత బరువు మోస్తున్నది, ఎట్లు వంగుతున్నది అని కూడ చూడవలెను. రహదారి కారుకు, పందెపు కారుకు దారులు వేరైనది ఇక్కడనే.

మలుపులో కారు వెలుపలికి ఒరుగుతుంది. బరువు వెలుపలి టైర్లపై పడుతుంది. అవి కూడ ఒరిగి, అంచుపైననే నిలుస్తవి. అందుచేత పందెపు కార్లలో చక్రాలను ముందుగానే పైభాగమున లోపలికి వాల్చి ఉంచుతారు. అప్పుడు సరిగా మలుపు నడుమ టైరు నేలకు చదునుగా ఆనుతుంది. కాని తిన్నని దారిలో అదే టైరు లోపలి అంచుపై పరుగెత్తి వేడెక్కుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పట్టు కూడ తగ్గుతుంది.

ఈ బేరము ఎంత సున్నితమైనదో 2011 ఆగస్టులో బెల్జియములోని స్పా పందెము చూపినది. టైర్లు సరఫరా చేసిన పిరెల్లి సంస్థ ముందు చక్రాల వాలునకు 4 డిగ్రీల హద్దు సూచించినది. రెడ్ బుల్ జట్టు ఆ హద్దు దాటినది. అర్హత పరుగులోనే ముందు టైర్లపై బొబ్బలు లేచినవి. నిబంధనల ప్రకారము ఆ టైర్లతోనే పందెము మొదలుపెట్టవలెను. ఆ జట్టు డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ కొద్ది చుట్లకే టైర్లు మార్చుకొని చివరకు గెలిచినాడు. గెలుపు దక్కినను, డిగ్రీలో కొద్ది భాగము కూడ టైరుకు ఎంత భారమో అందరికి తెలిసివచ్చినది.

2020లో మెర్సిడెస్ జట్టు మరొక మార్గము త్రొక్కినది. డ్రైవరు స్టీరింగు చక్రాన్ని తనవైపు లాగినా, ముందుకు తోసినా ముందు చక్రాల ‘టో’ మారే ఏర్పాటు చేసినది. తిన్నని దారికి ఒక కోణము, మలుపునకు మరొకటి! 2021 నుండి నిబంధనలు దీనిని నిషేధించినవి. అన్ని పనులకు సరిపడే కోణము ఒక్కటి లేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

కారు యజమాని గ్రహించవలసినది

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరము ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగినది. మామూలు దినములలో సిటీ బస్సులు, టాక్సీలు తిరిగే వీధులే ఆనాడు పందెపు బాట అయినవి. దారి ఒకటే అయినను పందెపు కారుకు, టాక్సీకి ఒకే కోణాలు పనికిరావు. పందెపు కారు కోరునది మలుపులో క్షణకాలపు పట్టు. టాక్సీ కోరునది వేల కిలోమీటర్లు మన్నే టైరు, వానలో నమ్మదగిన బ్రేకు.

కావున పందెపు కారును చూచి, అందము కొరకు చక్రాలను లోపలికి బాగా వాల్చుట తగదు. కారు చేసినవారు సూచించిన కొలతలే రహదారికి ఉత్తమము. సరిచూచుటకు ముందు టైర్లలో గాలి, కీళ్ళ అరుగుదల పరీక్షించవలెను. ముందు కాస్టర్, తరువాత కాంబర్, చిట్టచివర టో సరిచేయవలెను. ఏలననగా మొదటి రెండూ కదిలితే మూడవది కూడ మారుతుంది. సరదాకు కారును పందెపు బాటపైకి తీసుకొనిపోయి కోణాలు మార్చినవారు, ఇంటి దారి పట్టేముందు వాటిని తిరిగి యథాస్థితికి తెచ్చుట మరువరాదు.

టైరు రోజుకొక అక్షరము చొప్పున తన చరిత్రను తానే వ్రాసుకొంటుంది. ఒక అంచు మాత్రమే అరిగిన టైరు కనబడితే, కోణములలో ఎక్కడనో తప్పున్నదని అది మనకు చెప్పుచున్నదన్నమాట.