నల్లని ఇంజను మీద తప్పు అంకె

2001లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన ట్రెయిన్ సిమ్యులేటర్ ఆటలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఆవిరి ఇంజను ఉన్నది. దానికి కొత్త రంగు వేయదలచినవారు ముందుగా ఇంజను ఫోల్డరుకు నకలు తీసుకోవాలి. అందులోని ఏస్ ఫైళ్ళను మామూలు బొమ్మలుగా మార్చి, రంగులద్ది, మరల ఏస్ రూపానికి తేవాలి. మూలప్రతిని ముట్టరాదు, తాళపత్రాలకు నకళ్ళు తీసిన జాతికి ఇది వేరే చెప్పాలా!

చేతిపని ఇంతే. చిక్కంతా ఏ సంవత్సరపు ఇంజను అన్నచోటనే.

1923లో డాంకాస్టర్‌లో పుట్టిననాడు దాని సంఖ్య 1472. మరుసటి ఏడు 4472 అయినది. ఒంటినిండా లేత ఆకుపచ్చ. యుద్ధం నడుమ, 1943లో, నల్లరంగు పూశారు. 1946లో మొదట 502, పిమ్మట 103. 1947లో కొత్త బాయిలరుతో ఏ3 తరగతికి మారి, తిరిగి ఆకుపచ్చనైనది. 1948లో రైళ్ళు జాతీయమైనాక 60103. కొన్నాళ్ళు నీలం, 1952లో ముదురాకుపచ్చ. పొగను మళ్ళించే పక్కరేకులు వచ్చినది 1961లో.

ఆ రేకులు రంగుతో పోయేవి కావు మిత్రులారా. ఆటలో ఆకృతి ఫైలు వేరు, రంగు ఫైలు వేరు. రేకులున్న ఆకృతికి 1952 నాటి రంగు పూస్తే అది కాలదోషమే.

నేను తొలిసారి చేసినది నల్లని ఇంజను. దానిమీద ఎంతో ముచ్చటగా 60103 వేశాను. నలుపు పోయిన తరువాతనే ఆ సంఖ్య వచ్చినదని తెలిసి, 4472గా దిద్దుకున్నాను.