ఏఆర్-3 స్పీకర్లు: మరమ్మతు, మార్పిడి

ఏఆర్-3 అనునది అమెరికాకు చెందిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 1958లో విడుదల చేసిన లౌడ్‌స్పీకరు. ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ ఈ సంస్థను 1954లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో స్థాపించారు.

పనిచేయు విధానం
12 అంగుళాల వూఫరు గాలి చొరబడని పెట్టెలో ఉంటుంది. కంపించే శంకువును యథాస్థానానికి తెచ్చేది ప్రధానంగా లోపల బంధింపబడిన గాలియే. అందువలన చిన్న పెట్టె నుండి కూడా గంభీరమైన మంద్రధ్వని వెలువడుతుంది.

కాలక్రమేణా వచ్చే లోపాలు
* శంకువు అంచున ఉండే గుడ్డపై పూత ఎండి గాలి కారుతుంది. అంచుకు ఫోము వాడిన తరువాతి నమూనాలలో అది పొడిగా రాలిపోతుంది.
* కెపాసిటర్ల విలువ మారుతుంది.
* ధ్వనిస్థాయి నియంత్రకాలు తుప్పుపట్టి ట్వీటరు మూగబోతుంది. అంతమాత్రాన ట్వీటరు చెడినదని భావించరాదు.

నిర్ణయం
పై లోపాలన్నీ సరిచేయదగినవే. శంకువును మెల్లగా నొక్కి వదిలినప్పుడు నిదానంగా వెనుకకు వచ్చినచో పెట్టెలో గాలి నిలుచుచున్నదని గ్రహించవచ్చు. వేరొక రకం వూఫరు అమర్చినచో గాలితో కుదిరిన పొందిక చెడి మంద్రధ్వని మారిపోతుంది. తీగచుట్ట కాలిపోయి, అదే రకం భాగం దొరకనప్పుడు కొత్త స్పీకర్లు కొనుట మేలు. ఏఆర్-3 ఇంపీడెన్సు 4 ఓములు. ఇంట్లోని ఆంప్లిఫయరు దీనిని తట్టుకొనలేనిదైతే, మరమ్మతుకు ముందే ఆ ఖర్చును కూడా లెక్కించవలెను.