ఇరుమతముల ప్రవక్తలు, విశాఖ తీరము

విశాఖపట్టణమున రేవు నానుకొనియున్న పాతపట్టణపు వీథులలో ఒకచోట ఇబ్రాహీం, మూసా, దావూద్, సులైమాన్, యూసుఫ్ అను పేరులును, మరియొకచోట అబ్రాహాము, మోషే, దావీదు, సొలొమోను, యోసేపు అను పేరులును వినవచ్చును. ఉచ్చారణము వేరైనను ఆ పేరులకు మూలమైన మహాపురుషులు వారే. ఈ సామ్యమును జూచి ఇస్లాము క్రైస్తవములకు భేదము నామమాత్రమే యని సంతసించువారు కొందరు. ఇరువర్గముల వాదప్రతివాదములను చదివి వైరమే వాటికి సహజమని నిరాశ చెందువారు మరికొందరు. పదమూడు శతాబ్దులకు మించిన ఈ చరిత్రను నింపాదిగా పరిశీలించినచో ఈ రెండు తలంపులును నిలువవు. భేదము నిజమైనదే, కాని అది ఎవరు ప్రవక్తలు అను ప్రశ్నయందు కన్న, ప్రవక్త యెందులకు అను ప్రశ్నయందే లోతుగా నాటుకొనియున్నది.

ఇరుమతములకును పూర్వమైనది యూదుల పరంపర. అందు ప్రవక్త దేవుని మాటను ప్రజలకును ప్రభువులకును నిర్భయముగా వినిపించువాడు. ఊరియా భార్యను అపహరించిన దావీదు రాజును నాతాను నిలదీసినట్లును, గొఱ్ఱెలను కాచుకొను ఆమోసు పేదలను అణచు ధనికులను గర్హించినట్లును ఆ గ్రంథములు చెప్పుచున్నవి. మిర్యాము, దెబోరా, హుల్దా వంటి స్త్రీలకును అందు ప్రవక్త్రులుగా స్థానము కలదు. ఆ పరంపర తన పెద్దల దోషములను దాచలేదు. నోవహు మత్తు, దావీదు పాపము, దేవుని ఆజ్ఞను తప్పించుకొన జూచి ఓడ యెక్కిన యోనా పలాయనము, అన్నియు అందు వ్రాయబడియే యున్నవి. మనుష్యుడు బలహీనుడు, వానిని పిలిచిన దేవుడు మాత్రము విశ్వసనీయుడు అనునది ఆ కథల సారము.

క్రైస్తవులు ఈ వారసత్వమును స్వీకరించి దానికొక కొత్త గమ్యమును కల్పించిరి. వారి దృష్టిలో పూర్వప్రవక్తలందరును రాబోవు ఒక వ్యక్తిని వేలెత్తి చూపిన సాక్షులు. బాప్తిస్మమిచ్చు యోహాను ఆ వరుసలో కడపటివాడు. యేసు వారు చూపిన ఆ వ్యక్తి. యేసును ప్రవక్తయని కొత్తనిబంధనయు చెప్పును గాని, అంతటితో ఆగదు. ప్రవక్త, యాజకుడు, రాజు అను మూడు పదవులును ఆయనయందే నెరవేరెనని సంఘము బోధించెను, క్రీ.శ. 325లో నైసియా సభ ఆయన దైవత్వమును, 451లో కాల్సిడాన్ సభ ఆయన యొక్క దైవ మానుష స్వభావముల ఐక్యమును నిర్ణయించి ప్రకటించినవి. అయినను తొలినాటి సంఘములో ప్రవచనము ఆగిపోలేదు. అగబు అను ప్రవక్తను, ప్రవచించెడి ఫిలిప్పు కుమార్తెలు నలుగురిని అపొస్తలుల కార్యములు పేర్కొనుచున్నవి. రెండవ శతాబ్దిలో ఫ్రిజియా దేశమున మోంటానసు అనువాడు తనయందు పరిశుద్ధాత్మయే పలుకుచున్నదని చాటగా సంఘము వానిని త్రోసిపుచ్చెను; అటుపిమ్మట కొత్త ప్రవచనముల యెడల సంఘాధికారులకు శంక మెండయ్యెను.

ఏడవ శతాబ్దిలో అరేబియాయందు ఉదయించిన ఇస్లాము ఇవే పేరులను మరియొక క్రమమున కూర్చెను. ఖురానునందు పేరు పేరున పేర్కొనబడిన ప్రవక్తలు 25 మంది యని పండితుల లెక్క. మొత్తము ప్రవక్తలు 1,24,000 మంది యని సంప్రదాయము. ప్రతి జాతికిని దేవుడు తన దూతను పంపెననియు, వారందరి మూలసందేశము ఏకేశ్వరారాధనమే యనియు, నూహ్, ఇబ్రాహీం, మూసా, ఈసా, ముహమ్మద్ అను ఐదుగురు వారిలో దృఢసంకల్పులనియు, ముహమ్మదుతో ఆ పరంపరకు ముద్ర పడెననియు ముస్లిముల విశ్వాసము. ఆదాము మొదటి ప్రవక్త. బైబిలునందు రాజులైన దావీదు, సొలొమోనులును, నీతిమంతుడు మాత్రమేయైన లోతును ఇక్కడ ప్రవక్తలే. హూద్, సాలిహ్ అను అరబ్బుజాతుల ప్రవక్తలు బైబిలున కానరారు. యెషయా, యిర్మీయాల పేరులు ఖురానున కానరావు. సందేశమును మోయువాడు ఆ సందేశమునకు తగిన నడవడి కలవాడై యుండవలెనను భావము నుండి ప్రవక్తలు ఘోరపాపములకు దూరులను సిద్ధాంతము ఏర్పడెను. కావుననే దావీదును గూర్చియు లోతును గూర్చియు బైబిలు చెప్పెడి అపకీర్తికరములైన కథలను ముస్లిం విద్వాంసులలో పలువురు అంగీకరింపలేదు.

ఇరువురి నడుమ భేదము మిక్కిలి స్ఫుటముగా గోచరించునది యేసు విషయమున. ఆయన కన్యాగర్భమున జన్మించెననియు, రోగులను స్వస్థపరచెననియు, మసీహ్ అను బిరుదునకు పాత్రుడనియు ఖురాను చెప్పును; ఆయన తల్లి మర్యము పేర 19వ అధ్యాయమే కలదు, ఆ గ్రంథమున పేరుతో పేర్కొనబడిన స్త్రీ ఆమె యొక్కతెయే. కాని ఆయన దేవుని కుమారుడనుటను ఖురాను నిరాకరించును; ఆయన సిలువపై మరణింపలేదనియు, దేవుడు ఆయనను తన యొద్దకు ఎత్తుకొనెననియు చెప్పును; కడపటి దినములలో ఆయన తిరిగివచ్చునని ముస్లిములును నమ్ముదురు. ముస్లిమునకు ఇంజీలు ఈసాకు దేవుడొసగిన గ్రంథము. క్రైస్తవునకు సువార్తలు యేసును గూర్చి శిష్యపరంపర వ్రాసిన సాక్ష్యములు. ఒకరికి దూత తెచ్చిన లేఖ ప్రధానము. మరియొకరికి దూతలు ఎవరి రాకను చాటిరో ఆ రాజు ప్రధానము. ఈ ఒక్క భేదమును గ్రహించినచో తక్కిన వివాదములు చాలవరకు దాని శాఖలుగా కనబడును. లేఖయే ప్రధానమైన చోట, దాని పాఠము చెడినదా లేదా అను ప్రశ్న ప్రాణతుల్యమగును. రాజే ప్రధానమైన చోట, ఆయన మరణ పునరుత్థానములు జరిగినవా లేదా అను ప్రశ్న ప్రాణతుల్యమగును. అబ్రాహాము బలికి కొనిపోయిన కుమారుడు ఇస్సాకని బైబిలు చెప్పగా, ఖురాను ఆ కుమారుని పేరు చెప్పలేదు. అతడు ఇస్మాయీలని ముస్లిం విద్వాంసులలో అధికులు నిర్ణయించిరి. మోషే వంటి ప్రవక్త యొకడు రాగలడను ద్వితీయోపదేశకాండపు వాక్యము ముహమ్మదును సూచించునని ముస్లిములును, క్రీస్తును సూచించునని క్రైస్తవులును వ్యాఖ్యానించుచు వచ్చిరి.

ఈ వాదములు ఇస్లాము తొలి శతాబ్దులలోనే గ్రంథస్థమగుట కారంభించినవి. ఎనిమిదవ శతాబ్దిలో డమాస్కసు వాసియైన యోహాను ముహమ్మదు బోధను తన సంఘపు అపమార్గముల పట్టికలో చేర్చి ఖండించెను. అదే శతాబ్దిలో, సుమారు 781వ సంవత్సరమున, బాగ్దాదు నగరమున ఖలీఫా మహ్దీ కొలువులో తూర్పు సంఘపు పెద్ద యైన మొదటి తిమోతి వేరు దారి త్రొక్కెను. ముహమ్మదును గూర్చి నీవేమందువని ఖలీఫా యడుగగా, ఆయన తన ప్రజలను విగ్రహారాధనమునుండి మరల్చి ఏకేశ్వరుని వైపు త్రిప్పెను గావున ప్రవక్తల త్రోవలో నడచెనని తిమోతి బదులు పలికెను. ప్రవక్తయే యని మాత్రము అనలేదు. తన విశ్వాసమును విడువక, ఎదుటివాని పూజ్యుని అవమానింపక, ఎంతవరకు చెప్పవచ్చునో అంతవరకు చెప్పిన ఆ యుత్తరము నేటికిని పండితుల చర్చకు వస్తువై యున్నది.

తెలుగుతీరమునకు ఈ రెండు విశ్వాసములును వేర్వేరు దారుల వచ్చినవి. గోలకొండ ప్రభుత్వము చికాకోలు సర్కారును పాలించిన కాలమున ఇస్లాము ఉత్తరాంధ్రమున స్థిరపడెను. ప్రవక్తల కథలు ఇక్కడి ముస్లిం కుటుంబములకు అరబ్బీ పఠనముల వలనను, ఉర్దూలోని కససుల్ అంబియా కథల వలనను పరిచితములయ్యెను. క్రైస్తవమో, తెలుగు లిపిలో అచ్చుపడిన గ్రంథముతో జనులలోనికి పోవలెనని తలచెను. 1805లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి అనువారు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యమున సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డిగ్రాంజి 1810లోను మరణించిరి. వారు ముగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. వారి పిమ్మట ఇచ్చటికి వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచ్చెట్ సిద్ధపరచిన కొత్తనిబంధనము 1818లో మద్రాసున వెలువడెను. ప్రవక్తల గ్రంథములతో కూడిన పాతనిబంధనము సంపూర్ణముగా తెలుగున అచ్చుపడుటకు మరి కొన్ని దశాబ్దులు పట్టెను. ఈ క్రమము యాదృచ్ఛికము కాదు. క్రీస్తును ముందు చూపి, ఆయన వెలుగున ప్రవక్తలను పిమ్మట చదివింపవలెననునది ఆ మిషనరీల మతభావమే. ఆదామునుండి ముహమ్మదు వరకు సాగిన వరుసలో ఈసాను ఒకనిగా నెరిగిన ముస్లిం బాలునికిని, యేసునుండి వెనుకకు నడచి మోషేను కలిసికొన్న క్రైస్తవ బాలునికిని, ఒకే పట్టణమున ఒకే కథలు రెండు వేరు దిక్కులనుండి పరిచితములయ్యెను.

ఉత్తర హిందూస్థానమున ఆ కాలముననే వివాదము తీవ్రరూపము దాల్చెను. 1854 ఏప్రిలులో ఆగ్రాయందు జర్మను మిషనరీ ఫాండరునకును మౌలానా రహ్మతుల్లా కైరానవీకిని జరిగిన బహిరంగ వాదమునకు ముందుగా నిర్ణయించిన విషయములలో త్రిత్వమును, ముహమ్మదు ప్రవక్తృత్వమును ఉండెను. కాని పూర్వగ్రంథములు రద్దయినవా, వాని పాఠము మారినదా అను ప్రశ్నలతోనే రెండు దినములు గడచి, వాదము ముగిసెను. ప్రవక్తను గూర్చిన అసలు చర్చ మొదలే కాలేదు. లేఖ యొక్క ప్రామాణ్యమును గూర్చి పోరాడిన ఇరుపక్షములును ఆ లేఖ తమ తమ మతములలో వహించు పాత్రయే వేరని యోచింపలేదు. 1857 తిరుగుబాటు పిమ్మట సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ మరియొక పద్ధతి నవలంబించి 1862లో బైబిలునకు వ్యాఖ్య ప్రకటింప నారంభించెను. పూర్వగ్రంథములలో జరిగిన దోషము ప్రధానముగా అర్థమును వక్రించుటయే గాని అక్షరములను మార్చుట కాదని ఆయన తలంపు. ముస్లిం పండితుడొకడు క్రైస్తవ గ్రంథమును ఖండనకై కాక అవగాహనకై చదివిన యత్నములలో అది గణ్యమైనది.

తెలుగువానికి ఈ రెండు గ్రంథములను తన భాషలో ప్రక్కప్రక్కన నిడుకొని చదువు సౌకర్యము ఇరువదవ శతాబ్దియందుగాని కలుగలేదు. 1925లో చిలుకూరి నారాయణరావు గారు ఖురానును తెనిగించి ప్రకటించిరి. ఆంధ్రభాషాచరిత్రమును రచించిన ఈ పండితుడును ఉత్తరాంధ్రమున జన్మించినవాడే. ముస్లిమును కాడు, క్రైస్తవుడును కాడు. సువార్తల తెనుగునకు ఆనందరాయరు చేయూత నిచ్చిన శతాబ్ది దాటిన పిమ్మట, ఆ పని జరిగిన సీమకే చెందిన ఒక పండితుడు ఖురానుకు తెలుగు వాకిలి తెరచుట గమనింపదగినది. అనంతరము కర్నూలుకు చెందిన మౌలానా అబ్దుల్ గఫూర్ వంటి ముస్లిం విద్వాంసులును ఆ పనికి పూనుకొనిరి. అప్పటినుండి ఈసాను గూర్చి ఖురాను ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుటకు తెలుగు క్రైస్తవునికి ఉర్దూ అరబ్బీలు రావలసిన పని లేకపోయెను.

సిద్ధాంతముల చరిత్ర యిట్లుండగా, భక్తి చరిత్ర వేరొకటి యున్నది. రేవును చూచుచు నిలిచిన మూడు చిన్న కొండలపై వేంకటేశ్వరాలయము, సయ్యద్ అలీ మదీనా లేక ఇస్‌హాక్ మదీనా అను సాధువు దర్గా, రాస్ కొండమీది కన్య మరియమ్మ గుడి కలవు. బంగాళాఖాతపు గాలివానలపై ఆ సాధువునకు అధికారము కలదని నమ్మి, రేవులోనికి వచ్చునట్టియు పోవునట్టియు నావలు జెండాను ముమ్మారు ఎత్తి దించి వందనము చేయుచుండెననియు, సముద్రయానము సుఖముగా ముగిసిన హిందూ నౌకాధిపతులు వెండి దోనెలను దర్గాకు సమర్పించుచుండిరనియు ఆంగ్లేయుల కాలపు వ్రాతలు చెప్పుచున్నవి. ఇస్‌హాక్ అనునది ఇబ్రాహీము కుమారుడైన ప్రవక్త పేరే. ఎదుటి కొండమీద వెలసిన తల్లి ఖురానునందును పూజ్య. మర్యమును ఆమె కుమారుని తప్ప పుట్టిన ప్రతి శిశువును సైతాను తాకునని ముస్లిముల హదీసు. ఆమె జన్మపాపము లేక ఉద్భవించెనని కతోలికుల సిద్ధాంతము. ఈ సామీప్యము మనోహరమే. కాని సాధువు ప్రవక్త కాడనియు, వలీ యెంత గొప్పవాడైనను నబీకి లోబడినవాడే యనియు ఇస్లాము పండితులు గీత గీయుదురు. మరియమ్మకు లభించు గౌరవము ఆమె కుమారుని దైవత్వము నాశ్రయించినదని కతోలిక సంఘము చెప్పును. మ్రొక్కుబడుల చోట కలిసిన జనులు సిద్ధాంతముల చోట ఏకమైరని తలచుట తొందరపాటు.

ఇటీవలి కాలమున ఇరువర్గములును కొంత దూరము నడచి వచ్చినవి. 1965లో రెండవ వాటికన్ మహాసభ, ముస్లిములు యేసును దేవునిగా అంగీకరింపకున్నను ప్రవక్తగా గౌరవింతురనియు, మరియమ్మను మన్నింతురనియు ఆదరముతో పేర్కొనెను. ముహమ్మదును గూర్చి మాత్రము మౌనము వహించెను. 1930లో లాహోరున స్థాపితమైన హెన్రీ మార్టిన్ సంస్థ 1971లో హైదరాబాదునకు తరలివచ్చి, ఇస్లామును క్రైస్తవులు వాదమునకై కాక పరిచయమునకై చదువు చోటుగా క్రమముగా మారెను. 2007లో 138 మంది ముస్లిం విద్వాంసులు క్రైస్తవ నాయకులకు బహిరంగ లేఖ వ్రాసి, దైవప్రేమ, పొరుగువాని ప్రేమ అను రెండు ఆజ్ఞలను ఉభయ సామాన్యములుగా చూపిరి. ఆ లేఖయు ప్రవక్తృత్వ వివాదమును పరిష్కరింప బూనలేదు.

పరిష్కరింప లేకపోవుట వైఫల్యమని తలపరాదు. యేసు కేవలము ప్రవక్త యని యొప్పుకొన్న క్రైస్తవుడు క్రైస్తవత్వపు మూలమును విడిచినవాడగును. ముహమ్మదు పిమ్మట పరంపర ముగియలేదనియో, ఈసా దేవుని కుమారుడనియో యొప్పుకొన్న ముస్లిము ఇస్లాము మూలమును విడిచినవాడగును. ఇచ్చట బేరసారములకు తావు లేదు. చరిత్ర మనకు నేర్పు పాఠము వేరు: ఎదుటివాని ప్రవక్తను మన కొలతతో కొలిచినంత కాలము మాటలు పెరిగెను, తెలివి పెరుగలేదు, ఆయన ఆ మతమున వహించు పదవి యేమో ముందు అడిగి తెలిసికొన్నపుడే తిమోతి యుత్తరము, సయ్యద్ అహమ్మద్ ఖాన్ వ్యాఖ్య, చిలుకూరివారి తెనుగు సాధ్యములైనవి. ఇరువురి గ్రంథములును ఇప్పుడు తెలుగున నున్నవి గావున, భేదమును అపనిందగా కాక భేదముగానే ఎరుగుట మన తరమునకు సులభమైన విధి. చదువక పలుకుటకు ఇక నెపము లేదు.