కదలని ప్రజలు, కదిలిన సరిహద్దులు

ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణాన్ని ఆనుకొని బేర్ సరాయ్ అనే ఊరు ఉన్నది. సరాయ్ అంటే బాటసారుల విడిది. సివిల్ సర్వీసు పరీక్షల కోసం రాజధానికి వచ్చే యువకులకు, వారిలో తెలుగువారికి కూడా, అక్కడి పుస్తకాల అంగళ్లు, అద్దె గదులు చిరపరిచితాలు. స్వస్థలం విడిచి వచ్చిన వీరిని ప్రవాసులనడం సహజమే. అయితే ఊరు కదలకుండానే ప్రవాసులైనవారు కూడా చరిత్రలో ఉన్నారు. వారి కథానాటకాల గతాన్ని పరిశీలిస్తే, వాటి నుండి రాబోయే కాలంలో ఏమి ఆశించవచ్చునో కొంత తెలుస్తుంది.

1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాడలూపే హిడాల్గో సంధి ద్వారా మెక్సికో తన ఉత్తర భూభాగంలో అధిక భాగాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వదులుకొన్నది. అక్కడి స్పానిష్ భాషీయుల ఇల్లు మారలేదు, పొలం మారలేదు. పాలన మాత్రం మారింది. వారి వారసులు, తరువాతి కాలంలో లాటిన్ అమెరికా దేశాల నుండి వలస వచ్చినవారు కలిసి లాటినోలుగా వ్యవహరింపబడుతున్నారు.

1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె చేసినప్పుడు, లూయిస్ వాల్డెజ్ 'ఎల్ తియాత్రో కంపెసీనో' అనే నాటక బృందాన్ని నెలకొల్పాడు. లారీ వెనుకభాగమే రంగస్థలం, కూలీలే నటులు. ఎవరు ఏ పాత్రయో తెలిపేందుకు మెడలో అట్టముక్క వ్రేలాడేది. 1971లో వలస కూలీల బ్రతుకుపై తొమాస్ రివేరా స్పానిష్ భాషలో వ్రాసిన నవల వెలువడింది. వాల్డెజ్ రచించిన 'జూట్ సూట్' 1979లో న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలాన్ని చేరింది. 2003లో క్యూబాలో జన్మించిన నీలో క్రూజ్ నాటకానికి పులిట్జర్ బహుమతి లభించింది. పొలం గట్టున పుట్టిన నాటకం ఆ సాహిత్యానికి తొలి శ్రోతలను సమకూర్చిందనడం అతిశయోక్తి కాదు.

మన చరిత్రలోనూ ఇట్టి ఉదాహరణలు లేకపోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరింది. 1956 పునర్విభజన తరువాత హోసూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. 1960లో తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. తెలుగు నాటకరంగానికి బళ్లారి ఒకప్పుడు పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు అక్కడే నాటక సమాజాలు నడిపారు. బళ్లారి రాఘవ (1880–1946) తెలుగులోనే గాక కన్నడంలోనూ నటించి మెప్పించాడు. రెండు భాషల కూడలిలో నిలిచిన కళాకారుడు ఒక భాషకు దూరం కానక్కరలేదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

కథాసాహిత్యంలో స.వెం.రమేశ్ వ్రాసిన 'ప్రళయకావేరి కథలు' ప్రత్యేకంగా పేర్కొనదగినది. పులికాట్ సరస్సుకు స్థానికులు వాడిన పేరు ప్రళయకావేరి. ఆ దీవులలోని తెలుగువారి పలుకుబడి, తిండి, ఆటపాటలు ఆ కథలలో సజీవంగా నిలిచాయి. ప్రామాణిక భాషకు అలవాటుపడిన పాఠకులకు, తాము మరచిన మాటలు సరిహద్దు పల్లెలలో బ్రతికి ఉన్నాయని అవి చాటిచెప్పాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన చట్టం ఒకటవ తరగతి నుండి దశలవారీగా తమిళ బోధనను తప్పనిసరి చేసింది. నివసించే రాష్ట్రపు భాషను నేర్వడం ఎవరికైనా అవసరమే. అందులో వివాదం లేదు. కాని ఇంటి భాష బడిలో ఐచ్ఛికంగా మిగిలినచోట, తెలుగు మాట్లాడగలిగి తెలుగు చదవలేని తరం పెరుగుతుంది. తన తాత మాటలలోనే వ్రాసిన కథ చేతికి వచ్చినా అటువంటి బాలునికి అది మూగ పుస్తకమే.

నాటకానికి ఈ అవరోధం లేదు. లిపి రానివాడు కూడా చెవితో విని, కంటితో చూసి ఆనందించగలడు. డెలానో కూలీల విషయంలో ఋజువైనది ఇదే. కనుక హోసూరు, పులికాట్, తిరుత్తణి ప్రాంతాల కథలు అక్కడి యాసలోనే రంగస్థలానికి ఎక్కడం అత్యావశ్యకం. ఊరి బడిపిల్లలే నటులైతే ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. సాహిత్య, నాటక అకాడమీలు, స్థానిక తెలుగు సంఘాలు ఈ దిశగా కలిసి పనిచేయాలి. నాటకంలో విన్న మాటను చదవాలనే కోరిక పుట్టిననాడు లిపి నేర్పడం కష్టం కాదు. సరిహద్దులను గీసేది ప్రభుత్వాలే అయినా, వాటికి ఆవల భాషను నిలుపుకొనేది మాత్రం ప్రజలే.