కార్జం లెక్క

మా తాత ఎడమ చెవి కింద, మెడ మొదట్ల ఒక గుంట ఉండేది. చిన్నప్పుడు ఆయన పక్కల పండుకుని నా బొటనవేలు అందుల పెట్టి చూసేవాణ్ణి. సరిగ్గ సరిపోయేది. "ఏమైంది తాతా?" అంటే "దుప్పి పొడిసింది బిడ్డా" అనేటోడు. బతికున్న దుప్పి గాదు, చచ్చిన దుప్పి. చచ్చిన దుప్పి మనిషిని ఎట్ల పొడుస్తదో నాకు సమజ్ గావడానికి చాన ఏండ్లు పట్టింది.

మాది పాఖాల అడివి అంచున ఉన్న ఊరు. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి చెరువు, దాని చుట్టు అడివి. చదువుకున్నోళ్లు ఆ చెరువు మీద మస్తు రాసిండ్రు. శాసనం గురించి, కట్ట గురించి, దాని కింద పారిన పొలాల గురించి. అడివిల జరిగిన షికార్ల గురించి రాసినోళ్లు కూడ ఉన్నరు. కాని వాళ్లంత తుపాకి పట్టినోళ్లు, లేకుంటే తుపాకి పట్టినోళ్ల విస్తట్ల తిన్నోళ్లు. డప్పు పట్టినోడు రాయలేదు. మోసినోడు అస్సలు రాయలేదు. వానికి అక్షరమే లేకపాయె.

నెక్కొండ మాకు దగ్గరి రైలు స్టేషన్. 1902 ఏప్రిల్‌ల వైస్రాయి కర్జన్, ఆయన భార్య అక్కడికి షికారుకు వచ్చిండ్రు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన. రాజా దీన్‌దయాళ్ పేరుమీద ఉన్న ఆ ఫోటో ఇప్పటికీ పుస్తకాలల్ల కనపడ్తది. దొర, దొరసాని, ముందట చచ్చిన పులి. యూనివర్సిటీల చదివేటప్పుడు లైబ్రరీల అది మొదటిసారి చూసి నేను చానసేపు పేజీ తిప్పలేదు. ఫోటో కింద వైస్రాయి పేరుంది, ఊరి పేరుంది, నెల, సంవత్సరం ఉన్నయి. పులి తనంతట తాను నడిచొచ్చి కెమెరా ముందట పండుకోలేదు గద! ఎవడో తోలిండు, ఎవడో మోసిండు. ఆ మోసినోని పేరు ఏ చరిత్రల వెతకాలె? మా తాత అప్పటికి పుట్టలేదు. ఆయన తాత ఉండి ఉంటడు.

నిజాం, వైస్రాయి ఏం చేస్తే ఊరి దొరలు అదే చేసిండ్రు. పులి దొరకని దొర దుప్పిని కొట్టిండు. దుప్పికి ఒక కాలముంది. సంకురాత్రి దాటి పంటలు ఇంటికి చేరినంక మొదలై మొదటి వాన దాక నడుస్తది. ఆకు రాలి అడివి పల్చబడ్తది, దూరం కనపడ్తది. ఒర్రెలు ఎండి నీళ్లు రెండు మూడు మడుగులల్లనే మిగుల్తయి. అన్నిటికంటె ముఖ్యం ఇప్పపూలు. తెల్లారగట్ల ఇప్పచెట్టు కింద పూలు రాలితే దుప్పులు మందలుగ వస్తయి. పోతులకు కొమ్ములు ముదిరి ఉండేది కూడ ఆ ఎండలల్లనే. గోడకు తగిలించుకునేటోనికి కొమ్ములు కావాలె గద.

ఇప్పపూలు రాలుతున్నయంటే అడివిల ఉండేటోళ్లందరికి సంబురం. మా మాదిగవాడకు మాత్రం వెట్టి. సుంకరోడు వాడ మొగదల నిలబడి కేకేసేది, "ఇంటికొక్కడు, డప్పున్నోడు డప్పుతోటి." వెట్టి గురించి సుందరయ్య తన పుస్తకంల రాసిండు, ఇంటికొక మనిషి పోవాలెనని, చెప్పులు, తోలు పనులు ఊరికే చేసియ్యాలెనని. అది నిజమే. కాని "వెట్టి" అనే రెండక్షరాల కింద ఎన్ని రకాల బరువులున్నయో మోసినోళ్ల ఇండ్లల్లనే తెలుస్తది.

తోలుడుకు పోయేటోళ్లు బారుగ నిలబడి డప్పులు కొట్టుకుంట, అరుసుకుంట మృగాలను మంచె దిక్కు తోలాలె. మంచె మీద దొర, ఆయన చుట్టాలు. తుపాకి గురి మంచె నుంచి మా దిక్కే ఉంటది. అడివి పందైనా, గుడ్డేలుగైనా ఎదురు తిరిగితే మొదలు తగిలేది తోలేటోనికే. ఇప్పపూల కోసం గుడ్డేలుగు కూడ అదే చెట్టు కిందికి వస్తది, దానికి వెట్టి లేదు, దొర లేడు.

మా తాత చెప్పిన రాత్రి రజాకార్ల కంటె ముందటిది. ఏడు ఆయనకు యాదికి లేదు. "మీ నాయిన కడుపుల ఉన్నడు" అని మా నాయినమ్మ లెక్క చెప్పేది. ఆ రోజు పొద్దుగూకే యాళ్లకు దొర ఒక పెద్దపోతును కొట్టిండు. అది పడలేదు, ఉరికింది. అప్పటికే రెండు దుప్పులు పడ్డయి. అందరు వాటిని, దొర డేరాను, గిన్నెలను మోసుకుని బయలెల్లుతున్నరు. దొర మా తాతను పిలిచిండు.

"ఒరేయ్, నువ్వు నెత్తురెంబడి పో. దొరికితే ఎత్తుకరా. పొద్దుపొడిచేటాల్లకు గడీ ముందట పడాలె."

"బాంచెను దొరా, ఒక్కణ్ణి ఎట్ల తెద్దును, ఇంకొకణ్ణి తోలుండ్రి."

"చచ్చినదానికి ఇద్దరెందుకురా?"

గంతే. అందరు పోయిండ్రు.

మా తాత నెత్తురు చూసుకుంట పోయిండు. నెత్తురు చూస్తేనే తెలుస్తదట దెబ్బ ఎక్కడ తగిలిందో. నురుగుంటే ఊపిరితిత్తులల్ల, ఇగ అది దూరం పోదు. పచ్చగ గడ్డి రసం కలిసి వాసనొస్తే కడుపుల. కడుపుల తగిలినది మస్తు దూరం పోతది, దూప తట్టుకోలేక నీళ్ల కాడికే పోతది. ఇది పచ్చరసం కలిసిన నెత్తురు. మా తాత నెత్తురును ఇడిసిపెట్టి సక్కగ ఒర్రె మడుగు కాడికి పోయిండు. అక్కడనే ఉంది, మూతి నీళ్లల్ల పెట్టి సచ్చి. ఈ తెలివిని ఇంగ్లీషుల రాస్తే సైన్స్ అంటరు. మా తాతకు వస్తే "వాడు మాదిగోడు, వానికి పీనుగుల వాసన తెలుస్తది" అన్నరు.

ఇక్కడనే ఆయనకు ఒక చిక్కొచ్చింది. పోతు నిండు బరువు డెబ్బై ఎనబై కిలోల దాక ఉంటది. కడుపు చీరి పేగులు, పొట్ట తీసేస్తే ఇంచుమించు నాలుగోవంతు బరువు తగ్గుతది. అంతకంటె ముఖ్యం, కడుపుల తూటా పడి పసరు పగిలింది, ఆ ఎండకాలం ఉక్కల చీరకపోతే తెల్లారేటాల్లకు మాంసం కంపుగొడ్తది. కంపుగొడితే దెబ్బలు. చీరితే? "నిన్నెవడు చీరమన్నడురా, కార్జం నువ్వు తిన్నవ" అని దెబ్బలు. దుప్పి కార్జం దొరకు ప్రాణం. షికారు తెల్లారి నిప్పుల మీద కాల్చిన కార్జంతోనే ఆయన సారా మొదలు పెట్టేది. చీరినా తప్పే, చీరకున్నా తప్పే.

మా తాత రంపె తీసి చీరిండు. పేగులు తీసి, లోపల ఒర్రె నీళ్లతోటి కడిగిండు. కార్జం, గుండెకాయ మోదుగాకులల్ల చుట్టి తీగతో కట్టి కొమ్ముకు ఏలాడదీసిండు. ఎనుక కాళ్ల మడిమెల కాడ నరానికి, బొక్కకు మధ్య సందు చేసి, అందుల నుంచి ముందటి కాళ్లు దూర్చి, ఒక కట్టెపుల్ల అడ్డం పెట్టిండు. గట్ల చేస్తే దుప్పి ఒక సంచి లెక్క అయితది, రెండు భుజాలకు తగిలించుకోవచ్చు. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పలేదు. చచ్చిన గొడ్లను మోసి మోసి ఒంటికి వచ్చిన చదువు.

మూడు కోసుల దారి. చీకటి. చచ్చిన మృగం ఒళ్లు సల్లబడంగనే దాని మీది పిడుదులు దిగి వెచ్చటి ఒంటి కోసం చూస్తయి. ఆ వెచ్చటి ఒళ్లు మా తాతదే. మెడ మీద, చంకలల్ల, గోచిల పిడుదులు. చేతులు రెండు దుప్పి కాళ్లు పట్టుకుని ఉన్నయి, గోక్కుందామంటే లేదు. దించితే మళ్ల ఒక్కడే ఎత్తుకోవాలె. అందుకని రాయి మీదనో, పడిపోయిన మాను మీదనో ఆనిచ్చి నిలబడే దమ్ము తీసుకున్నడు. గుడ్డేలుగు, రేసుకుక్కలు దగ్గరికి రావొద్దని మాట్లాడుకుంట నడిచిండట. ఎవరితోటి? దుప్పితోటే. "నిన్ను సంపినోడు బండిల పోయిండు, నిన్ను తోలినోడు మోస్తున్నడు, నా మీద కోపం పెట్టుకోకు" అని. మా నాయినమ్మ ఈ మాట చెప్పుకుంట నవ్వేది. నాకు ఎప్పుడు నవ్వు రాలేదు.

కోసెడు దూరం ఉందనంగ ఒర్రె గట్టు ఎక్కుతుంటే కాలు జారింది. బోర్ల పడ్డడు. దుప్పి మీద పడ్డది. మెడ ఎనుకనుంచి ఊగులాడుతున్న తలకాయ ముందటికి వచ్చి, కొమ్ము మొన చెవి కింద దిగింది. అదీ చచ్చిన దుప్పి పొడుచుడంటే. ఇంకో మనిషి ఉంటే తలకాయ పట్టుకునేటోడు. చచ్చినదానికి ఇద్దరెందుకో దొరకు తెల్వదు, మా తాత మెడకు తెలుసు.

పొద్దుపొడిచేటాల్లకు గడీ ముందటికి చేరిండు. గడీ బాటకు రాంగనే కిర్రుచెప్పులు ఇడిసి చంకల పెట్టుకోవాలె. చేతులు ఖాళీ లేవు గాబట్టి చెట్టు కిందనే ఇడిసొచ్చిండు. దర్వాజ అవతల దించిండు. లోపలి జీతగాడు వచ్చి దుప్పి మీద ఇన్ని నీళ్లు సల్లి లోపలికి గుంజుకపోయిండు. రాత్రంత మా తాత చెమట, నెత్తురు ఆ దుప్పి ఒంటికి పట్టినయి. ఒక్క చెంబు నీళ్లకు ఆ మైల పోయిందంటే మైల ఎంత పల్చటిదో చూడుండ్రి! అదే మా తాత దర్వాజ దాటితే మాత్రం గడీ అంత కడగాలె.

మోదుగాకులు ఇప్పి గుమస్తా అడిగిండు. "కార్జం ఇంతేనారా? సగం ఏది?"

"తూటా తగిలింది బాంచెను. సితికిపోయింది, పారేసిన."

పైనుంచి దొర ఇన్నడు. కోపం చేస్తడనుకుంటే మురిసిపోయిండు. "కార్జంలకే కొట్టిన్నా నేను!" అని చుట్టాలను పిలిచి చెప్పుకున్నడట.

మా తాతకు వచ్చింది దుప్పి కాళ్ల గిట్టలు, తోలు. తోలు ఆయనకు కాదు, లందల ఊనబెట్టి, సున్నంల నానబెట్టి, తంగేడు చెక్క రసంల పండించి మళ్ల గడీకే ఇయ్యాలె, అది కూడ వెట్టే. దుప్పి తోలు దొర కుర్చీకి పోయేది. బయట చెలకలల్ల ఇర్రి దొరికితే దాని తోలు బాపనాయన జపానికి పోయేది. మాదిగలంద నుంచి వచ్చిన తోలు మీద కూసుని ఆయన మమ్ముల ఆమడ దూరం ఉండమన్నడు. చరిత్రల వ్యంగ్యం వెతికేటోళ్లు దూరం పోవాల్సిన పనిలేదు.

1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది. 1949ల జాగీర్లు రద్దయినయి. అంతకంటె ముందు సంఘం వచ్చిన ఊర్లల్ల వెట్టి బందయింది, దొరలు పట్నం ఉరికిండ్రు. మావోళ్లు సంఘంల జెండ మోసిండ్రు, తూటాలు మోసిండ్రు, గాయపడ్డోళ్లను మోసిండ్రు. ఆ మోత మీద వచ్చిన పుస్తకాలల్ల "రైతాంగం" అని ఉంది. భూమిలేని మా తాత ఏ రైతో నాకు ఇప్పటికీ తెల్వదు. తర్వాత దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగొచ్చిండ్రు, తుపాకులు లైసెన్సులయినయి.

1952ల పాఖాలను అభయారణ్యం చేసిండ్రు. 1972ల వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందుల కూడ 1991 సవరణ దాక కొన్ని మృగాలకు లైసెన్సు తీసుకుని వేటాడే దారి కాగితం మీద ఉండె. ఇంట్ల ఉన్న పులితోళ్లను సర్కారుకు తెలిపి కాగితం చేయించుకునే వీలు కూడ ఉండె. మా ఊరి గడీల పులితోలుకు అట్ల కాగితమయింది. జింకలను కాపాడొద్దని నేననను. కాపాడాల్సిందే. మంచెల మీద కూసున్నోళ్లు అడివిని ఖాళీ చేసినంక ఆ చట్టం రాకపోతే మా పిల్లలకు దుప్పి బొమ్మలనే కనపడేది. కాని ఆ చట్టం మొదలు ఎవని భుజం తట్టిందో కూడ రాయాలె గద.

1984 ఎండకాలం. కట్టెలకు పోయిన మా నాయినకు రేసుకుక్కలు కొట్టి సగం తిన్న ఆడదుప్పి కనపడ్డది. ఎనుక తొడ ఒకటి మిగిలింది. మా ఇంట్ల మాంసం వండి నెలలయింది. తువ్వాలల చుట్టి భుజం మీద ఏసుకుని వస్తుంటే అడివి దాటకముందే పట్టుకున్నరు. "కుక్కలు కొట్టినయి సారూ" అంటే "కుక్కలను సాక్షానికి పిలుస్తవార?" అన్నరట. ఆరేండ్లు వాయిదాలకు తిరిగిండు. రెండు మేకలు, మా అవ్వ కడియాలు వకీలుకు పోయినయి. మా తాత మోసిన నిండు దుప్పికి కేసు లేదు, ఎందుకంటే అది దొరది. మా నాయిన మోసిన తొడకు కేసుంది, అది మాది గాబట్టి.

ఆ వాయిదాల కాలంలనే ఒకనాటి రాత్రి, మంచం పట్టిన మా తాత నన్ను దగ్గరికి పిలిచిండు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్న. "తూటా కార్జానికి తగల్లేదురా" అన్నడు. నాకు మొదలు సమజ్ కాలే. ఆయన చెప్పిండు. మడుగు కాడ కడుపు చీరినంక కార్జం వెచ్చగ చేతులల్ల ఉంది. పొద్దటినుంచి గట్క ముద్ద లేదు. ఇంట్ల కడుపుతోటున్న పెండ్లాం గంజి తాగి పండుకుని ఉంటది. చెకుముకి రాయి కొట్టి నాలుగు పుల్లలు అంటుపెట్టి, సగం కార్జం కోసి కాల్చిండు. అందుల సగం తిన్నడు. మిగిలిన సగం ఆకుల చుట్టి, గడీకి పోయే ముందు చెప్పులు ఇడిసిన చెట్టు తొర్రల దాచి, మళ్ల వచ్చి తీసుకపోయి మా నాయినమ్మకు పెట్టిండు.

నలబై ఏండ్లు ఎవరికి చెప్పలేదు. దొర సచ్చినంక కూడ చెప్పలేదు. "దొంగతనం అనిపించిందా తాతా?" అని అడిగిన. చదువుకున్నోని ప్రశ్న అది. ఆయన గుడ్లు తేలేసి చూసిండు.

"ఉప్పు లేకుండె" అన్నడు.

మా తాత పోయిన మూడోనాడు పిట్టకు పెట్టిండ్రు. కల్లు, చుట్ట, అన్నం, మేకకూర అన్ని పెట్టినంక మా నాయినమ్మ కొంగుల నుంచి ఒక మోదుగాకు పొట్లం తీసింది. కాల్చిన మేక కార్జం ముక్కలు. వాటి మీద చిటికెడు ఉప్పు సల్లి అన్నం పక్కన పెట్టింది. మా నాయిన ఏందవ్వా అది అని అడిగిండు. ఆమె ఏం చెప్పలేదు, కాకులను పిలువుమన్నది.